నిజంగా పిల్లేనండీ

పిల్లికి మాత్ర వెయ్యాలంటే ముందు దాన్ని తువ్వాల్లో చుట్టాలి. మొహం తప్ప ఇంకేమీ బయటికి రాకుండా పసిబిడ్డను చుట్టినట్టు చుట్టి, ఒడిలో పెట్టుకుని, ఎడమచేత్తో దవడలు నొక్కి నోరు తెరిపించి, కుడిచేత్తో మాత్రను నాలుక మొదట్లోకి తోసి, వెంటనే నోరు మూసి గొంతు కింద నిమరాలి. పిల్లి ఒప్పుకుంటే ఇదంతా చిటికెలో పని. ఒప్పుకోకపోతే మాత్ర సోఫా కిందికీ, పిల్లి పళ్ళు ఆమె చేతిలోకీ పోతాయి. ఆ ఉదయం రెండూ పోవలసిన చోటికే పోయాయి.

"అబ్బా" అంది ఆమె.

"నెమ్మదిగా పట్టుకోవచ్చు కదా," అన్నాడు భర్త, ఫోనులోంచి తలెత్తకుండా. "ఏం చేశావు దాన్ని?"

"మాత్ర వేశాను."

"అది కాదు. నువ్వేదో చేస్తేనే కదా అది కరుస్తుంది. నన్నెప్పుడైనా కరిచిందా?"

నిజమే, ఆయన్ని ఎప్పుడూ కరవలేదు. తువ్వాల్లోంచి బయటపడిన పిల్లి ఒళ్ళు దులుపుకుని, తోక జెండాలా ఎత్తుకుని, నేరుగా వెళ్ళి ఆయన ఒళ్ళో పడుకుంది. ఆయన రెండు వేళ్ళతో దాని నుదురు రాశాడు. అది గుర్రుగుర్రుమంటూ కళ్ళు మూసుకుంది. "చూశావా," అన్నాడాయన. ఆమె చూడలేదు. సోఫా కింద మాత్ర కోసం వెతుకుతోంది.

ఆ పిల్లికి అత్తగారు పెట్టిన పేరు ఇన్‌స్పెక్టరు. రోజూ పొద్దున లేవగానే వంటగది నుంచి వసారా దాకా ప్రతి మూలా వాసన చూసి, ఎక్కడో ఏదో తేడా ఉందన్న మొహం పెట్టి, ఎవరికీ ఏమీ చెప్పకుండా వెళ్ళిపోతుంది కాబట్టి ఆ పేరు. అసలు పేరు వేరే ఏదో ఉండేది. అది భర్త పనిచేసే బ్యాంకులో మేనేజరు గారి పిల్లి. ఆయనకు బదిలీ అయింది. కొత్త ఊళ్ళో ఇచ్చిన ఇంట్లో జంతువులను ఉండనివ్వరట. "ఎవరైనా మంచివాళ్ళకి ఇవ్వాలయ్యా" అని మేనేజరు గారు నిట్టూరిస్తే, ఆ నిట్టూర్పు ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నది ఈయన. సాయంత్రం బుట్టతో ఇంటికొచ్చి "మనం పెంచుకుందాం" అన్నాడు.

ఆ ఇంట్లో 'మనం' అంటే ఎవరో ఆమెకు పెళ్ళయిన కొత్తల్లోనే తెలిసింది. మనం ఇవాళ మా వాళ్ళని భోజనానికి పిలుద్దాం. మనం ఈ కర్టెన్లు ఓసారి ఉతికిద్దాం. మనం అమ్మని డాక్టరుకి చూపించాలి. వ్యాకరణంలో అది ఉత్తమ పురుష బహువచనం. ఇంట్లో మాత్రం మధ్యమ పురుష ఏకవచనం. కాబట్టి పిల్లికి అన్నం పెట్టడం, దాని ఇసుక ట్రే తోడి మార్చడం, గోళ్ళు కత్తిరించడం, చెవులు తుడవడం, దువ్వడం, మూత్రపిండాల మాత్ర వెయ్యడం మనమే చేస్తున్నాం. ఒళ్ళో పడుకోబెట్టుకుని, ఇంటికొచ్చిన వాళ్ళతో "మూగజీవాలకి మనసు తెలుస్తుందండీ" అనే పని ఒక్కటి ఆయనది.

ఆమె ఒక కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. కొన్నవాళ్ళ మొహానికి ఫ్రేము సరిచేయడం, చెవుల వెనక పట్టు చూడటం, ముక్కు మీద జారకుండా కుదర్చడం ఆమె పని. మెత్తటి చెయ్యి అని షాపులో మంచి పేరు. కానీ ఆ పనిలో ఒక చిక్కుంది. కళ్ళు సరిగ్గా కనపడని మనిషికి కొత్త కళ్ళద్దాలు పెట్టి, "ఇప్పుడు చూడండి" అన్నప్పుడు ఆ మనిషికి ఈ లోకంలో మొట్టమొదట స్పష్టంగా కనిపించేది ఎదురుగా ఉన్న ఆమె చెయ్యి.

"బాగా కనిపిస్తోందాండీ?"

"బ్రహ్మాండంగా ఉందమ్మా," అన్నాడు ఆ రోజు ఒక రిటైరైన లెక్కల మాస్టారు. తర్వాత కళ్ళద్దాలు కొంచెం కిందికి దించి, మళ్ళీ పైకి తోసి, "చేతికేమైంది?" అన్నాడు.

"పిల్లి కరిచిందండీ."

మాస్టారు డబ్బు కట్టాడు. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "మంచి పిల్లవి, జాగ్రత్తగా ఉండమ్మా" అన్నాడు. పిల్లి గురించి చెప్పే గొంతు కాదది.

షాపులో కళ్ళు పరీక్ష చేసే ఆవిడని అందరూ పెద్దక్క అంటారు. పెద్దక్క కళ్ళలోకి చూసి మనుషుల రోగాలే కాదు, అబద్ధాలు కూడా కనిపెట్టగలదని షాపులో నమ్మకం. ఆ నమ్మకం అందరికంటే ఎక్కువ పెద్దక్కకే ఉంది. మధ్యాహ్నం డబ్బాలు విప్పుకున్నప్పుడు ఆమె చేతిని పట్టుకుని వెలుతురులోకి తిప్పింది.

"ఏం కరిచిందన్నావు?"

"పిల్లక్కా."

"ఎన్ని కాళ్ళ పిల్లి?"

ఆమెకు నవ్వొచ్చింది. పెద్దక్క నవ్వలేదు. "నాకూ చెప్పారమ్మా చాలామంది. ఒకావిడ రోజూ మెట్ల మీంచి పడేది. వాళ్ళది మెట్లు లేని ఇల్లు," అంది.

"అయ్యో, నిజంగా పిల్లే. ఆయన చీమకి కూడా అపకారం చెయ్యరు. ఒక్కసారైనా గొంతు పెంచి ఎరగరు."

"ఎరగడు సరే," అంది పెద్దక్క మూత పెట్టేస్తూ. "సాయంకాలం క్లాసుల సంగతి అడిగావా?"

ఆమె తన డబ్బా మూత వెతుక్కుంది. కళ్ళు పరీక్ష చెయ్యడం నేర్పే చదువది. శని, ఆదివారాల సాయంత్రాలే క్లాసులు. పెద్దక్కే చూసిపెట్టింది. "నీ చేతికి పనొచ్చు, నీ కంటికి పనొచ్చు, కాగితమొకటి లేదు. అది తెచ్చుకుంటే నేను మానేసినప్పుడు నా కుర్చీ నీదే" అంది. ఆమె ఇంట్లో అడిగింది కూడా. భర్త గొంతు పెంచలేదు. అసలు కాదననే లేదు. నవ్వాడు. ఇంటికొచ్చిన తన స్నేహితుడి వైపు తిరిగి, "మా ఆవిడ డాక్టరవుతుందట," అన్నాడు. స్నేహితుడు కూడా నవ్వాడు. మర్యాద కోసం ఆమె కూడా నవ్వి, కాఫీ కప్పులు తీసుకుని లోపలికెళ్ళింది. అంతే. ఆ మాట అక్కడితో అయిపోయింది. రక్తం రాలేదు, గీత పడలేదు. ఎవరికైనా చూపించాలంటే ఏం చూపించాలి? బస్సులో ఇంటికెళ్తూ ఆమె ఇలాంటివి గుర్తుచేసుకుంటూ పోయింది. చుట్టాల్లో ఆమె ఏదో చెప్పబోతే, "నీకెందుకవన్నీ" అని మెత్తగా అనడం. ఆమె ఉద్యోగం మాటొస్తే, "ఇంట్లో పొద్దుపోక వెళ్తోంది లెండి" అనడం. కూర బాగుంటే మౌనం, బాగాలేకపోతే, "పర్లేదులే, తింటాను" అన్న త్యాగం. ఇవన్నీ ఒక్కొక్కటే చూస్తే ఎంత చిన్నవంటే, తనకే సిగ్గేసింది. ఇంత మంచి మనిషి మీద పితూరీలేమిటి అనుకుంటూ దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

ఆ వారంలోనే ఇన్‌స్పెక్టరు మళ్ళీ కరిచింది. ఈసారి బొటనవేలి మొదట్లో, లోతుగా. తెల్లారేసరికి చెయ్యి బూరెలా ఉబ్బి, ఎర్రబడి, వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి. వంట చెయ్యబోయి గరిటె జారవిడిచేదాకా ఎవరూ గమనించలేదు. గరిటె చప్పుడుకి భర్త వంటగదిలోకొచ్చి, "ఏమైంది?" అన్నాడు. చెయ్యి చూసి నిజంగానే కంగారుపడ్డాడు. బ్యాంకుకి ఆలస్యమవుతుందని ఫోన్ చేసి తానే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఆ మాత్రం ప్రేమ లేదనడానికి లేదు.

ఆసుపత్రిలో డాక్టరు చిన్నవయసు అమ్మాయి. చెయ్యి చూసింది. కొత్త గాయం, పాత గాట్లు, మానుతున్నవి, మానినవి అన్నీ చూసింది.

"ఎలా అయింది?"

"పిల్లి కరిచిందండీ," అన్నాడు భర్త.

"మిమ్మల్ని కాదు, ఆమెని అడిగాను."

"పిల్లేనండీ," అంది ఆమె.

డాక్టరు ఇద్దరి మొహాలూ చూసి, "మీరు కొంచెం బయట కూర్చోండి సార్" అంది.

ఆయన వెళ్ళి వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. సరిగ్గా ఆయన తల మీద గోడకి ఒక పెద్ద బొమ్మ అంటించి ఉంది. ఎత్తిన ఒక మగవాడి చెయ్యి, దాన్ని అడ్డుకుంటున్న ఇంకో చెయ్యి. కింద 'ఇంట్లో హింసను సహించకండి' అని ఎర్రక్షరాలు. వరండాలో వచ్చేపోయే వాళ్ళు బొమ్మని చూసి, కింద ఆయన్ని చూసి, మళ్ళీ బొమ్మని చూశారు. ఆయన కొంచెం పక్కకి జరిగాడు. బొమ్మ పెద్దది. ఎంత జరిగినా దాని కిందే ఉన్నాడు.

లోపల డాక్టరు తలుపు వేసింది. కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి, "ఇక్కడ మీరు నాతో ఏదైనా చెప్పొచ్చు. ఇంట్లో మీకేమైనా బాధ ఉందా?" అంది.

ఆమె "లేదండీ" అనబోయింది. నాలుక దాకా వచ్చిన ఆ మాట అక్కడే ఆగింది. ఇంతవరకూ ఎవరూ తనని ఆ ప్రశ్న అడగలేదని అప్పుడు తోచింది. ఆకలేస్తోందా అని అత్తగారు, బిల్లు కట్టావా అని భర్త, ఫ్రేము వచ్చిందా అని షాపులో అందరూ అడుగుతారు. బాధ ఉందా అని, అదీ తలుపు వేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని ఎవరడిగారు? కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారిపోయాయి. ఆమె వాటిని ఆపుకోవాలని ఎడమచేత్తో తుడుచుకుంటూ, "నిజంగా పిల్లేనండీ," అంది వెక్కుతూ. "నమ్మండి, పిల్లే."

అంత ఏడుస్తూ చెప్పాక పిల్లి మాట ఎవరు నమ్ముతారు? డాక్టరు తన ఫోన్ నంబరిచ్చింది. ఎప్పుడైనా చెయ్యమంది. చేతికి పెద్ద కట్టు కట్టి, మాన్పే మందులు రాసి, భర్తని లోపలికి పిలిచి, ఆయన్ని నేరం రుజువైన మనిషిలా చూస్తూ, "ఈ చేతికి చుక్క నీరు తగలకూడదు. బరువు ఎత్తకూడదు. కట్టు విప్పేదాకా ఏ పనీ చెప్పకండి" అంది.

"నేనెప్పుడు చెప్పానండీ పని," అన్నాడాయన. అదీ నిజమే. ఆయన ఎప్పుడూ చెప్పలేదు. చెప్పకుండానే అయిపోయేవి.

దారిలో ఆటోలో ఆయన ఫోను చూసుకున్నాడు. తర్వాత, "ఏం చెప్పావు ఆవిడకి?" అన్నాడు.

"పిల్లి కరిచిందన్నాను."

"ఏడ్చుకుంటూనా? కళ్ళన్నీ ఎర్రగా ఉన్నాయి. ఆ అమ్మాయి నన్నెలా చూసిందో తెలుసా? అక్కడ మా బ్యాంకు కస్టమర్లు కూడా ఉన్నారు. రేపు నా గురించి ఏమనుకుంటారు?" ఆయన గొంతు పెంచలేదు. "ఇంక ఆ పిల్లి ఇంట్లో ఉండటానికి వీల్లేదు. ఎవరికైనా ఇచ్చేస్తాను."

అన్నాళ్ళు ఆమె చెయ్యి జల్లెడవుతుంటే ఉండటానికి వీలైన పిల్లికి, ఆయన పరువుకి గాటు పడగానే వీలు లేకుండా పోయింది. ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. చెయ్యి సలుపుతోంది. కానీ లోపల ఏదో తేలిగ్గా ఉంది. ఏడుపు మంచి మందే అనుకుంది.

పిల్లిని తీసుకునే మనిషి దొరికేదాకా మాత్ర ఎవరు వెయ్యాలన్న ప్రశ్న ఆ సాయంత్రమే వచ్చింది. అత్తగారికి చేతులు వణుకుతాయి. ఆమెకు కట్టు. భర్త ధీమాగా లేచాడు. "మీరంతా దాన్ని భయపెడతారు. జంతువుతో ప్రేమగా ఉండాలి," అన్నాడు. తువ్వాలు అక్కర్లేదన్నాడు. ఇన్‌స్పెక్టరు ఎప్పట్లాగే ఆయన ఒళ్ళో ఉంది. నుదురు రాశాడు, గుర్రుమంది. గడ్డం కింద రాశాడు, గుర్రుమంది. దవడ మీద వేలు వేశాడు.

దాని తోక చివర ఒక్కసారి కదిలింది. చెవులు వెనక్కి వాలాయి. వంటగది గుమ్మంలో నిలబడ్డ ఆమె, అన్నాళ్ళూ తువ్వాలు, దవడ, మాత్రల హడావుడిలో చూడని ఆ రెండు సంగతులూ ఇప్పుడు తీరిగ్గా చూసింది. చెబుదామని నోరు తెరిచేలోపే అయిపోయింది.

ఆయన అరిచిన అరుపుకి పక్కింటి వాళ్ళు గోడ మీంచి తొంగి చూశారు. పెళ్ళయినప్పటి నుంచీ ఆమె వినని గొంతు అది. వేలి మీద రెండు ఎర్రటి చుక్కలు. ఆయన సోఫాలో వెనక్కి వాలిపోయి, "నీళ్ళు. కాదు, మందు. అమ్మా, కళ్ళు తిరుగుతున్నాయి," అన్నాడు. అత్తగారు విసనకర్ర తెచ్చింది. ఆమె ఎడమచేత్తో దూదీ మందూ తెచ్చింది.

"నేనేం చేశాను దాన్ని? ప్రేమగానే కదా పట్టుకున్నాను," అన్నాడాయన, అన్యాయమైపోయిన గొంతుతో.

అత్తగారు విసరడం ఆపింది. "ఒరే, ఇన్నాళ్ళూ నువ్వు దానికేమీ చెయ్యలేదు. అందుకే మంచివాడివయ్యావు," అంది. "పని చేసే చేతినే కరుస్తుంది అది. ఇవాళ నువ్వూ ఓ పని చేశావుగా."

కొడుకు వేలి మీద దూది నొక్కుకున్నాడు. ఆమె అత్తగారి వైపు ఆశ్చర్యంగా చూసింది. ఆవిడ ఏమీ ఎరగనట్టు మళ్ళీ విసరడం మొదలుపెట్టింది.

మర్నాడు ఆయన వేలికి కట్టుతో బ్యాంకుకి వెళ్ళాడు. సాయంత్రం మొహం మాడ్చుకుని వచ్చాడు. "పిల్లి కరిచిందంటే నమ్మరేంటి? ఇంట్లో బాగా వడ్డించారా అని ఒకడు, ఆవిడకి కూడా కట్టుందటగా, ఎవరు గెలిచారు అని ఇంకొకడు," అన్నాడు. ఆమె తల వంచుకుంది. నవ్వు దాచుకోవడానికి కట్టు కట్టిన చెయ్యి బాగా పనికొచ్చింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె మామూలు గొంతుతో, ఉప్పు అందించమని అడిగినట్టు, "ఆదివారం నుంచి క్లాసులకి వెళ్తున్నానండీ. పెద్దక్క చేర్పించేసింది," అంది. ఆయన నవ్వడానికి సిద్ధమయ్యాడు. చుట్టూ చూశాడు. నవ్వడానికి తోడు స్నేహితుడెవరూ లేడు. ఎదురుగా అత్తగారు తలొంచుకుని అన్నం కలుపుకుంటోంది. "చెయ్యి తగ్గనీ, చూద్దాం," అన్నాడు. "చూడటమే నేర్పుతారటండీ అక్కడ," అంది ఆమె. అత్తగారికి పొలమారింది.

ఆదివారం మధ్యాహ్నం భర్త బ్యాంకులో పనిచేసే క్యాషియరు బుట్ట పట్టుకుని వచ్చాడు. బుట్ట చూడగానే ఇన్‌స్పెక్టరు పడగ్గదిలోకి పరుగెత్తి మంచం కిందికి, గోడ మూలకి దూరింది. భర్త వంగాడు. అందలేదు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అందలేదు. చివరికి ఇద్దరు మగవాళ్ళూ నేల మీద బోర్లా పడుకుని, తలలు మంచం కింద పెట్టి, "రా కన్నా, రా బంగారం" అని బతిమాలడం మొదలుపెట్టారు. అత్తగారు మంచం మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని ఆ నాలుగు పాదాలనీ చూస్తోంది. ఆమె అద్దం ముందు నిలబడి ఎడమచేత్తో తల దువ్వుకుంటోంది.

మంచం కిందనుంచి భర్త గొంతు వచ్చింది. "నువ్వు పిలువు ఒకసారి. నువ్వు పిలిస్తే వస్తుంది."

అది నిజం. కరిచేది ఆమెనే అయినా, పిలిస్తే వచ్చేది ఆమె గొంతుకే. ఎంత కోపంలో ఉన్నా, తన అన్నం గిన్నె చప్పుడు, ఆ పిలుపు వింటే తోకెత్తుకుని వచ్చేస్తుంది. ఆమె దువ్వెన పక్కన పెట్టింది. మంచం కిందికి వంగి చూసింది. మూలలో రెండు పచ్చటి కళ్ళు. చెవులు వెనక్కి, తోక చివర కదులుతూ. వద్దు అని ఒళ్ళంతా పెట్టి చెప్తోంది. ఇంత స్పష్టంగా ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఏమీ వద్దనలేదు. తను అసలే అనలేదు.

"నేను పిలవను," అంది.

మంచం కింద బతిమాలడం ఆగింది. తర్వాత రెండు తలలూ బూజుతో బయటికొచ్చాయి.

"నీ కోసమే కదా ఇదంతా," అన్నాడు భర్త. "నీ చెయ్యి చూసుకో."

"నా కోసమైతే నన్నడిగేవారు. అది ఇక్కడే ఉంటుంది. మాత్రా, ఇసుకా మాత్రం ఇక నుంచి వంతులు. ఇవాళ మీది." ఆమె సంచీ భుజానికి తగిలించుకుంది. "తోక కదిపిందంటే చెయ్యి తీసెయ్యండి. అది చెప్పకుండా కరవదు. మనమే వినం."

క్యాషియరు బుట్టని ఒళ్ళోకి తీసుకుని, భార్యాభర్తల కట్లు రెండూ మార్చి మార్చి చూశాడు. "సాధువని చెప్పారు కదండీ మీరు," అన్నాడు నెమ్మదిగా, పిల్లి గురించో, ఆమె గురించో తెలియకుండా.

ఆమె వాకిట్లో చెప్పులు వేసుకుంటుంటే వెనకాల అత్తగారు వచ్చింది. వంట సంగతి అంటుందేమో, ఎప్పుడొస్తావని అడుగుతుందేమో అనుకుని ఆమె ఆగింది. ఆవిడ ముందు లోపలికి తొంగి చూసి, కొడుక్కి వినపడదని నిర్ధారణ చేసుకుంది. కోడలి భుజం మీద జారుతున్న సంచీ పట్టీని పైకి సర్దింది.

"వెళ్ళిరా అమ్మాయ్," అంది. "నా రోజుల్లో నాకు పిల్లైనా లేదు."